గుంటల దగ్గర

మా నాన్నని పాతపట్నంలో గోతుల ఇన్నాసి అనేవారు.
ఏదడిగినా అప్పిచ్చేవాడు, పార తప్ప.

సమాధుల తోట నిండిపోయిన ఏడు
గోడలో గూళ్ళు కట్టిద్దామని
కొత్త ఫాదరు ఒక పోస్టుకార్డు పట్టుకొచ్చాడు.
రోములో చదువుకున్నాయన. తెలుగు ఇంకా పొడిపొడిగా రాలేది.
కార్డులో భూమి లోపల ఒక వీధి,
వీధికి అటూ ఇటూ అరలు,
రైలు పెట్టెలో బెర్తుల్లా ఒకదానిమీద ఒకటి,
అన్నీ ఖాళీ.

"కేటకూంబ్స్" అన్నాడు ఫాదరు.
"కాటికొంపలా?" అన్నాడు నాన్న.
మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే వినబడింది.
"మా మాట అంత దూరం ఎలా పోయింది బాబూ!"

కార్డుని వెలుగుకి ఎత్తి పట్టుకుని
నాన్న అడిగింది దేవుడి గురించి కాదు,
చచ్చినవాళ్ళ గురించీ కాదు.
"ఇంత తవ్వితే
మన్నెక్కడ పోసారండీ?"

ఫాదరుకి తెలీదు.
అక్కడి రాయి మెత్తనిదట, జున్నులా తెగుతుందట,
గాలి తగిలాక గట్టిపడుతుందట.
నాన్న నిట్టూర్చాడు,
పక్కూళ్ళో మంచి ఇనుం దొరుకుతుందని విన్న కమ్మరిలా.
మనకిక్కడ ఇసక. మోకాలి లోతుకే గోడ జారుతుంది.
నడుం లోతుకి ఉప్పునీరు.
హార్బరులో ఓడ కూత పెడితే
సగం తవ్విన గొయ్యి ఉలిక్కిపడి
గుప్పెడు మళ్ళీ పోసుకుంటుంది.

పేరెలా వచ్చిందో పండితులే తేల్చలేదన్నాడు ఫాదరు.
గ్రీకు మాట కావచ్చు. కతా అంటే దగ్గర,
కుంబ అంటే గిన్నె, పడవ, పల్లం.
ఊరి బయట, రోడ్డు వార, రాయి తీసిన పల్లాలుండేవి.
"గుంటల దగ్గర" అంటే
బండివాడికి కూడా తెలిసేది.
తర్వాత ఆ ఒక్క చోటి పేరే
భూమికింది సమాధులన్నిటికీ అంటుకుంది.

నాన్నకి ఇందులో వింత కనపడలేదు.
"మనం మాత్రం? బావులుంటే బావికొండ,
రాతిలో తొట్లు తొలిస్తే తొట్లకొండ.
కొండంత కొండ నిలబడుంటే
అందులో లేని చోటు చూసి పేరెట్టారు."

ఆపైన నవ్వాడు.
"మా వేపు గుంటంటే ఆడపిల్ల బాబూ.
ఇదిగో, ఇది మా గుంట."
అన్నం క్యారేజీతో నించున్నాను నేను.
"అంటే నేనూ రోజంతా గుంట దగ్గరే..."
మాట అక్కడ తెగింది.
పార భుజానేసుకుని ఉత్తరం గోడ వేపు వెళ్ళిపోయాడు.
ఫాదరు నావైపు చూశాడు. నాకేం తెలుసు.

నాకన్నా ముందొక గుంట పుట్టిందని,
మూరెడు గొయ్యి సరిపోయిందని,
అదీ ఆయనే తవ్వాడని
అమ్మ పదేళ్ళ తర్వాత చెప్పింది,
చేప తోముతూ, తల ఎత్తకుండా.

గూళ్ళు కట్టారు. నలభై. సున్నం వేసి, అంకెలు వేసి.
నాన్న వాటిలోకి పోనన్నాడు.
"అరమీద పెట్టడానికి పచ్చడి జాడీనా నేను?"
ఉత్తరం గోడ వారన, ఇసకలోనే దించాం.
జారిపోతుంటే కుర్రాళ్ళు మూడుసార్లు తవ్వారు.
ఆయనైతే ఒక్కసారికే.

ఆ రాత్రి కొక్కేనికున్న ఖాకీ ప్యాంటు తీసి
కాళ్ళ మడతలు విప్పాను.
గచ్చుమీద చారెడు ఇసక.
రోజూ గుమ్మంలో దులిపేవాడు, రోజూ అమ్మ తిట్టేది,
తిట్టి తిట్టి ఊడ్చినదే
గుమ్మం పక్కన చిన్న దిబ్బయింది.
దానిమీద ఒక కనకాంబరం మొక్క, దానంతటదే.

ఫాదరు బదిలీ అయ్యి ఎక్కడున్నాడో.
ఉత్తరం రాయాలనిపించింది:
ఆ మన్ను, బాబూ,
కొంతైనా ఇళ్ళకే తెచ్చుకునుంటారు, బట్టల్లో.
రోములో తవ్వినవాళ్ళకీ
గుమ్మాలుండే ఉంటాయి,
చీపురు పట్టుకుని ఎదురుచూసే మనుషులూ.